పింజ

ఆదోని యార్డులో వేలం పదకొండుకు.
ఆఫీసు మీది రేకుల గదిలో నేను
ఒకే ఒక్క లాటును తెరుస్తున్నాను, మూస్తున్నాను.
కింద కుప్పపోసిన లాటు కాదు, తెరమీది లాటు,
నేనే రాసిన ఆబ్జెక్టు.
నెంబరు మాత్రం రెంటికీ ఒకటే, నాలుగువందల పన్నెండు.

ఇన్‌స్పెక్టర్ దాని పొట్ట విప్పి చూపుతుంది:
బరువు, ఒక అంకె.
పింజ, ఒక అంకె.
రైతు, ఇంకో ఆబ్జెక్టు, నొక్కితే పక్కన మరో కిటికీ.
రంగు, నిల్.
అంతా నిజమే. ఒక్కటీ పత్తి కాదు.

నాకు ఇంకో ట్యాబ్ కావాలి.
నొక్కగానే లాటు లాటులా పరుచుకోవాలి,
పింజ గీతలా సాగాలి,
గుడ్డిపత్తి ఎంతుంటే అంత పసుపు మరక పడాలి.

దారి చెప్పే పత్రం ఒకటిన్నర పేజీ.
పేజీ అంతా స్వాగతం,
అరపేజీలో ఒక ఉదాహరణ, అదీ పాత వెర్షన్‌ది,
చివర ఒక వాక్యం: మిగతాది చూస్తే తెలుస్తుంది.
రాసినాయన ఎవరో, ఆకలై మధ్యలో లేచిపోయినట్టున్నాడు.

మూడు రాత్రులు.
మెథడ్ పేరు ఊహించి రాస్తే పలకలేదు.
పేరు కుదిరితే ఆర్గ్యుమెంట్లు ఎన్నో తెలీలేదు.
అవీ కుదిరాక తెరమీద ఎర్రటి చదరం,
దానికడ్డంగా రెండు గీతలు.
మూగమనిషి సైగలా అదీ ఏదో చెప్తూనే ఉంది.

కింద బడేసాబ్.
నలభై ఏళ్లుగా పత్తికి వేళ్లతో వెల కట్టే మనిషి.
చిటికెడు తీసి, గింజ తప్పించి,
రెండు బొటనవేళ్ల నడుమ లాగి, మడిచి, మళ్లీ లాగి
ఇరవయ్యెనిమిది అంటాడు.
గంట తరవాత మిషనూ అదే అంటుంది.
పోయిన సీజన్లో అడిగాను, ఎట్లా తెలుస్తుంది సాబ్ అని.
"ఎట్లంటే ఏం చెప్పేదిమే. లాగు. తెలుస్తాది."
నెలంతా లాగాను.
అన్నంలో నూగు, జడలో నూగు.
ఇరవయ్యారుకూ ముప్పైకీ తేడా తెలిసింది,
ఇరవయ్యెనిమిదికీ తొమ్మిదికీ ఇప్పటికీ తెలీదు.

నాలుగో రాత్రి, కరెంటు పోయి వచ్చాక,
విసుగొచ్చో, చిటికెడు తీసి చూసే అలవాటుకో
ఇన్‌స్పెక్టర్‌నే ఇన్‌స్పెక్టర్‌లో పడేశాను.
తెరుచుకుంది.
తన పొట్ట తనే విప్పుకుని కూర్చుంది.
ట్యాబులన్నీ అక్కడే ఉన్నాయి, ఒక్కోటీ ఒక ఆబ్జెక్టు,
ఒక్కోదాని వెనక దాన్ని పుట్టించిన మెథడ్,
మెథడ్ నెత్తిన చిన్న గుర్తు,
గుర్తు పక్కన వరసలో ఎన్నోదో చెప్పే అంకె.
పత్రంలో ఈ గుర్తు ఊసే లేదు.
నా మెథడ్ నెత్తిన కూడా దిద్దాను.

తెల్లారి ఐదింటికి
నాలుగువందల పన్నెండు తెరనిండా తెల్లగా విచ్చింది.
అరిచానట.
వాచ్‌మన్ ఉరుకుందప్ప కట్టెతో పరిగెత్తుకొచ్చి
పామనుకుంటి కదమ్మా అన్నాడు.

పదింటికి బడేసాబ్‌ను మెట్లెక్కించాను.
అద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.
గీత మీద వేలు పెట్టాడు, తెరకు నూగంటింది.
"పింజ సరిగ్గుంది. ఈ మరకా నిజమే,
ఇచ్చేటప్పుడు వాన తగిలిన పత్తి.
కానీమే, ఇందులో తేమ యాడుంది?"

తేమ?

"తూకం కోసం తెల్లార్తో నీళ్లు చల్లుకొస్తారు కొందరు.
పైన అంతా ఎండే ఉంటాది.
చెయ్యి లోపలికి పెట్టాల, మోచేతి దాకా."

నా ఆబ్జెక్టులో ఆ గడి లేదు.
నిల్ కూడా కాదు.
అడగాలనే తోచలేదు నాకు.

వేలం గంట కొట్టారు. ఆయన మోకాలు పట్టుకుని దిగిపోయాడు.
వరసలో తరవాతి అంకె వేసి
దాని పక్కన ఏమీ రాయకుండా
నేనూ దిగాను,
చొక్కా చెయ్యి పైకి మడిచి
నాలుగువందల పన్నెండులోకి
మోచేతి దాకా.